పెట్టె మీద అరవై ఆరు

చిన్నమ్మ ఆటో దిగింది గానీ పెట్టె దగ్గరికి రాలేదు. పాత దుప్పట్లో చుట్టి ప్లాస్టిక్ తాడుతో కట్టిన ఆ మూటను ఆటో అతనే మోసుకొచ్చి మా యాప్రాల్ ఫ్లాటు గుమ్మంలో దించాడు. చిన్నమ్మ రెండడుగుల దూరంలో నిలబడి "మెల్లగ అన్నా, మెల్లగ" అంటోంది, చేతులు మాత్రం కొంగులో దాచుకుంది. బన్సీలాల్‌పేట్‌లో ఆమె అద్దెకున్న ఇంటిని యజమాని పడగొట్టి కొత్తది కడుతున్నాడు. వేరే ఇల్లు దొరికేదాకా నా దగ్గరుండమని నేనే బతిమాలి పిలిచాను. చిన్నాయన పోయి ఏడాది దాటింది. మంచాలూ బీరువాలూ ఎవరెవరికో ఇచ్చేసింది గానీ ఈ మూటను మాత్రం ఎవరికీ అప్పగించకుండా వెంట తెచ్చుకుంది. తాడు విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళ కిందట నా చేతులతో నేను బిగించిన కంప్యూటర్ అది.

"దీన్ల మీ చిన్నాయన పుస్తకాలు ఉన్నయేమో జెర చూడు బిడ్డా" అంది చిన్నమ్మ. "ఉంటే తీసియ్యి. లేకుంటే పాత సామాన్ల కబాడీకి ఇచ్చేద్దాం. నేనైతే ముట్ట. నా చెయ్యి దానికి అచ్చిరాదు, నీకెర్కే గద."

నాకెరుకే. అసలు సంగతి ఎరిగిన మనిషిని భూమ్మీద నేనొక్కదాన్నే.

నన్నెరిగినవాళ్ళంతా కంప్యూటర్ పిచ్చిది అంటారు, అందులో అబద్ధమేమీ లేదు. ఉద్యోగం మానేసినా నా గదిలో రెండు డెస్క్‌టాప్‌లు నడుస్తూనే ఉంటాయి, రెండూ నేను బిగించుకున్నవే. ల్యాప్‌టాప్ అంటే నాకు చిన్నచూపు, మూత విప్పి చూడలేని యంత్రాన్ని నమ్మేదెట్లా? ఇప్పటి ప్రాసెసర్ గడుసుది. పనిపడితే తానే వేగం పెంచుకుంటుంది, ఒళ్ళు కాలితే తానే తగ్గించుకుంటుంది, మనం అడిగితే ఎంత వేడి మీద ఉందో అంకెతో సహా నిజం చెబుతుంది. పొద్దున్నే టీ తాగుతూ చదివే వార్తల్లో సగం దీని చుట్టూనే తిరుగుతున్నాయి. ఒక దేశం ఇంకో దేశానికి చిప్పులు అమ్మనంటుంది. కృత్రిమ మేధ కోసం పెద్ద కంపెనీలు మెమరీ అంతా ఊడ్చుకుపోతుంటే, నాబోటి వాళ్ళు ఒక చిన్న ముక్క కొనాలన్నా ముందూ వెనకా చూసుకోవాలి. ఇంకెవరో తమ పాత సాఫ్ట్‌వేర్‌కు ఇక మరమ్మతులు పంపేది లేదంటారు, లక్షణంగా నడుస్తున్న యంత్రాలు గుట్టలుగా చెత్తకు పోతాయి. ఇవన్నీ చదివి నేను పళ్ళు కొరుక్కుంటుంటాను. వినేవాళ్ళు లేక గోడతో పోట్లాడుతుంటాను.

చిన్నమ్మ వచ్చిన మర్నాడు పేపరు ఆమె చేతిలో ఉంది. ఏడో తరగతి వరకే చదివిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చిప్పుల వార్త అంతా చదివి, "తైవాన్ రాజధాని ఏంది?" అంది తల ఎత్తకుండానే. "తైపే" అన్నాను. "మరి గా చిన్న దీవి మీద గింత లొల్లి చిప్పుల కోసమేనా, పాత పగ సుత ఉన్నదా?" అంది. రెండూ ఉన్నాయన్నాను. "గట్ల చెప్పు. పేపరోడు ఒకటే రాసిండు" అని పేజీ తిప్పింది. మారేడ్‌పల్లి ఇంట్లో, జిగురు గిన్నె ముందు కూర్చుని ఆమె ఇట్లాగే అడిగేది.

నాన్నకు రైల్వేలో కాజీపేటకు బదిలీ అయినప్పుడు చదువు కోసం నన్ను మారేడ్‌పల్లిలో చిన్నాయన ఇంట్లో వదిలారు. చిన్నాయన ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాడు, ఇంటి నుంచి నెలకో చిన్న పుస్తకం వేసేవాడు. గ్రూపు పరీక్షలు రాసేవాళ్ళకు వర్తమాన విషయాలు. ఆ పుస్తకమే ఆయన ప్రాణం. ఇంటికి నాలుగు పేపర్లు వచ్చేవి. చిన్నాయన ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టి పోతే, చిన్నమ్మ బ్లేడుతో వార్తలు కోసి, దేశమొకటి, ఆటలొకటి, పదవులొకటిగా విడదీసి, లై పూసి పొడుగు నోటు పుస్తకాల్లో అంటించేది. ఆ లై ఆమె వండేదే. మైదాపిండి నీళ్ళలో కలిపి సన్నసెగ మీద తిప్పుతూ, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేది. గిన్నె మీద పుర్రె బొమ్మ గీసి, అన్నం గిన్నెలకు దూరంగా వేరే గూట్లో పెట్టేది. ఉడుకుతున్న మైదా వాసన, అచ్చు సిరా వాసన కలిసి ఆ ఇంటికొక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా గోడ మీద తడి పోస్టరు కనిపిస్తే దగ్గరికెళ్ళి ముక్కు పెట్టాలనిపిస్తుంది.

సాయంత్రం దీపం పెట్టగానే రేడియో వార్తలు. చిన్నాయనకు వినికిడి తక్కువ, రేడియో ఎంత గట్టిగా పెట్టేవాడంటే మా వీధిలో సగం మందికి వేరే రేడియో అక్కర్లేకపోయింది. వార్తలయ్యాక చిన్నమ్మ బెండకాయలు తరుగుతూ నన్ను ప్రశ్నలు అడిగేది. ఫలానా దేశం రాజధాని, ఫలానా నది మీద ఆనకట్ట, ఫలానా కప్పు ఏ ఆటకు. నేను తప్పు చెబితే బెండకాయ ముచ్చిక నా మీద విసిరేది. అంటించీ అంటించీ ఆమెకు ప్రపంచమంతా కంఠతా వచ్చేసింది. పుస్తకం కొనడానికి వచ్చిన కుర్రవాళ్ళు వరండాలో నిలబడి, చిన్నాయన ఇంట్లో లేకపోతే ఏమాత్రం సంకోచం లేకుండా కిటికీ దగ్గరికొచ్చి "అమ్మా, ఈ ఒప్పందం ఏ ఏ దేశాల నడుమ?" అని అడిగేవారు. చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ చెప్పేది. అప్పుడామె మొహంలో కనిపించిన వెలుగు నగలు పెట్టుకున్నప్పుడు కూడా నేను చూడలేదు.

అటువంటి ఇంట్లోకి నేను కంప్యూటర్ తెచ్చాను. స్టేషన్ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో హార్డ్‌వేర్ నేర్చుకుంటున్న రోజులవి, మా బ్యాచిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఎవడైనా స్క్రూడ్రైవర్ అందించబోతే చేతిలోంచి లాక్కునేంత పొగరుండేది. చిన్నాయనను నెల రోజులు వేధించి ఒప్పించి, విడిభాగాలు తెచ్చి ముందుగదిలో బిగించాను. ఫోర్ ఎయిటీ సిక్స్ ప్రాసెసర్, వేగం అరవై ఆరు మెగాహెర్ట్జ్. కేబినెట్ ముందు చిన్న కిటికీలో 66 అని ఎర్రంకెలు వెలిగేవి. చిన్నాయన వచ్చినవాళ్ళందరికీ ఆ అంకెను చూపించేవాడు. అసలు రహస్యం ఏమిటంటే ఆ కిటికీకి లోపలి సంగతి ఏమీ తెలియదు. వెనకాల మనం ఏ అంకెకు అమర్చి పెడితే ఆ అంకె వెలిగిస్తూ కూర్చుంటుంది, అంతే.

తెలుగు అక్షరాలతో పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఆ యంత్రానికి బరువు. ఒక పేజీ తిరిగేలోగా చిన్నాయన టీ తాగి గ్లాసు కడిగేసేవాడు. "పేరుకేనా నీ కంప్యూటర్? దీనికంటే మీ చిన్నమ్మ బ్లేడు నయం" అన్నాడొకరోజు నవ్వుతూనే. నాకది గుచ్చుకుంది. ప్రాసెసర్‌ను నడిపించే గడియారాన్ని ముప్పై మూడు నుంచి నలభైకి మారిస్తే, దానికి రెట్టింపు వేగంతో నడిచే ప్రాసెసర్ అరవై ఆరు కాస్తా దాటి ఎనభై మీద పరుగెడుతుందని ఇన్‌స్టిట్యూట్‌లో విన్నాను. దానికి కావలసింది బోర్డు మీద జంపర్ ఒకటి, అంటే రెండు పిన్నుల మీద టోపీలా కూర్చునే గోరంత ప్లాస్టిక్ ముక్క, దాన్ని పక్క పిన్నుల మీదికి జరపడమే. చేయకూడదని మా సారు చెప్పాడు. వేడెక్కుతుంది, డిస్కు మీద రాతలు తప్పుతాయి అన్నాడు. అందరూ బయటికి పోయిన ఒక మధ్యాహ్నం నేను ఆ ముక్కను జరిపాను. ముందు కిటికీలో 66 అట్లాగే ఉంచాను. చిన్నాయన ఇంటికొచ్చి పేజీ తిప్పి, "అరె, ఉరుకుతున్నది గదనే! ఏం జేసినవ్?" అన్నాడు. "కొంచెం శుభ్రం చేసిన చిన్నాయనా" అన్నాను. ఆ మెచ్చుకోలు మూడు రోజులు నా కడుపు నింపింది.

వానల్లో బాగానే నడిచింది. వానలు వెనకపట్టి ఎండ చిటచిటలాడటం మొదలయ్యాక రెండుసార్లు బిగుసుకుపోయింది. ఎవరూ చూడకుండా ఆపి మళ్ళీ వేశాను. ప్రాసెసర్ మీది ఫ్యాను దగ్గర చెయ్యి పెడితే సుర్రుమనేది. కేబినెట్ మూత ఊడదీసి పక్కన పెట్టి, గాలికని అబద్ధం కాని అబద్ధమొకటి చెప్పాను. జంపర్ వెనక్కి జరపొచ్చు కదా అని మీరడగొచ్చు. జరిపితే నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే చిన్నాయన ఎందుకని అడుగుతాడు. నాకు ఆ ప్రశ్నంటే భయం. అప్పుడే పెద్ద పరీక్ష తేదీ ఖాయమైంది, ఏడాది వార్తలన్నీ కలిపి ప్రత్యేక సంచిక వేస్తున్నానని చిన్నాయన క్లాసులో ప్రకటించేశాడు. మూడు వారాలు రెక్కలు ముక్కలు చేసుకుని ఆ పేజీలన్నీ కొట్టాను. దసరా వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం ప్రెస్సుకు ఇవ్వాలి.

దసరా రోజు పొద్దున ఆయుధ పూజ. చిన్నమ్మ కత్తిపీటకు, బ్లేడుకు, చిన్నాయన స్కూటర్‌కు బొట్లు పెట్టి, పసుపు కుంకుమ గిన్నెతో కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. మూత లేని పెట్టెలోకి వంగి చూసింది. "దీన్ల పనిజేసేది ఏది బిడ్డా? పైన డబ్బకు పెడితే ఏం లాభం, పనిజేసేదానికి పెట్టాలె" అంది. కత్తిపీటకు కూడా ఆమె కర్రకు పెట్టదు, ఇనుముకే పెడుతుంది. ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. ప్రాసెసర్ మీది ఫ్యాను చూపించి "ఇదే చిన్నమ్మా, దీని కిందనే ఉంది అసలు పనంతా చేసేది" అన్నాను. కంప్యూటర్ ఆపి ఉంది. చిన్నమ్మ తడి వేలితో ఫ్యాను నడిబొడ్డున కాగితం చీటీ మీద బియ్యపు గింజంత పసుపు, దాని మీద కుంకుమ పెట్టి, కళ్ళకద్దుకుంది. ఆ బొట్టు వల్ల ఏమీ కాదని నాకప్పుడే తెలుసు. ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతాను.

మర్నాడు ప్రెస్సు సత్తయ్య వచ్చి వరండాలో కూర్చున్నాడు. సంచిక ఎప్పుడొస్తుందో కనుక్కుందామని పది పన్నెండు మంది విద్యార్థులు గేటు దగ్గర మూగారు. ఎండ మండిపోతోంది. ఫైలు తెరిచాను, సగం తెరుచుకుని తెర బిగుసుకుపోయింది. ఆపి వేశాను. ఈసారి ఫైలు తెరుచుకోలేదు. ఫ్లాపీల మీద తీసిన కాపీలు పెట్టి చూశాను. అవీ ఇదే యంత్రం రాసినవి, వాటిలోనూ పేజీల బదులు పిచ్చి గీతలు. చిన్నాయన నా వెనకాల నిలబడి "ఏమైంది? ఏమైందే?" అంటున్నాడు. ఆయన పెట్టెలోకి వంగాడు, ఫ్యాను మీద ఎర్రటి బొట్టు కనిపించింది.

"అనసూయా!" అని అరిచాడు. చెవులు సరిగా వినిపించని మనిషి అరుపు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి, గేటు అవతలికి వినపడింది. చిన్నమ్మ లై గిన్నెతోనే వచ్చింది. "దీన్ల కుంకుమ పోసినవా? నీళ్ళు జల్లినవా? ఏడో తరగతి సదివి మిషన్ల చెయ్యి పెడ్తవా? ఏడాది కష్టం మట్టిల కలిపినవ్ గదా!" అన్నాడు. సత్తయ్య తల దించుకున్నాడు. గేటు దగ్గరున్నవాళ్ళు కదల్లేదు. ఏ కిటికీ దగ్గర ఆమె వాళ్ళకు ఒప్పందాలూ రాజధానులూ చెప్పిందో ఆ కిటికీలోంచే వాళ్ళు చూస్తున్నారు. చిన్నమ్మ నా వైపు చూసింది. నేనే చూపించానని, నేనే పెట్టమన్నట్టు మాట్లాడానని చెబుతాననుకుంది కాబోలు. నేను స్క్రూడ్రైవర్ వైపు చూశాను. అప్పుడామె గిన్నె కింద పెట్టి "తప్పయింది. నాకెర్కలేక జేసిన" అని రెండు చేతులూ జోడించింది, భర్తకు కూడా కాదు, ఆ యంత్రానికి.

ఆ తర్వాత నేను చేసిన పని ఇంకా నీచం. "తుడుస్త చిన్నాయనా" అని స్విచ్చి ఆపి, స్పిరిటులో తడిపిన బట్టతో లోపలికి వంగాను. ఒక చేత్తో బొట్టు తుడుస్తూ, రెండో చేత్తో జంపర్‌ను పాత చోటికి జరిపాను. వేయగానే యంత్రం బుద్ధిగా నడిచింది. పాడైన ఫైళ్ళు రాలేదు గానీ అది మళ్ళీ బిగుసుకుపోలేదు. "చూసినవా, కుంకుమ తుడవంగనే నడిచింది" అన్నాడు చిన్నాయన. ఆ ఒక్క మాటతో నా తప్పు చిన్నమ్మ పేర ఖరారైపోయింది. అందరి కళ్ళముందు రుజువైన నేరానికి ఇక ఎదురు చెప్పేదెవరు?

పండగ తర్వాత ప్రెస్సులో పెళ్ళికార్డుల వరస మొదలైంది, మళ్ళీ కొట్టి ఇచ్చేసరికి పరీక్ష అయిపోయింది. చెప్పిన రోజున వచ్చిన ప్రతి ఒక్కరికీ చిన్నాయన గేటు దగ్గర నిలబడి దణ్ణం పెట్టి పంపాడు. మరుసటి నెల సగం మందే వచ్చారు. రెండేళ్ళు ఈడ్చి పుస్తకం ఆపేశాడు. చిన్నమ్మ ఆ ముందుగదిలోకి అడుగు పెట్టడం ఆ రోజే మానేసింది. కొన్నాళ్ళు లై వండి గుమ్మం దాకా తోసేది, తర్వాత నేను వార్తలు నేరుగా కంప్యూటర్‌లో కొట్టడం మొదలుపెట్టాక ఆ అవసరమూ తీరిపోయింది. బెండకాయలు తరుగుతూ ప్రశ్నలు అడగడమూ మానేసింది. కిటికీ దగ్గరికి ఎవరైనా వస్తే "సారు వచ్చినంక అడుగుండ్రి" అనేది. అప్పట్నుంచి ఏ దసరాకూ ఆమె ఏ యంత్రానికీ బొట్టు పెట్టలేదు. మా తమ్ముడు కారు కొన్నప్పుడు కుంకుమ గిన్నె చేతికిస్తే, పక్కింటావిడకు ఇచ్చి తను వెనక్కి జరిగింది. ఇదంతా చూస్తూ నేను ఉద్యోగం చేశాను, జీతం తెచ్చుకున్నాను, కంప్యూటర్ మనిషినని పేరు తెచ్చుకున్నాను.

మూట విప్పాను. చిన్నమ్మ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది, లోపలికి రానంది. మూత తీస్తే దుమ్ము, బొద్దింక రెక్కలు. ఫ్యాను మీది కాగితం చీటీలో ఇంకిపోయిన ఎరుపు స్పిరిటుకు పోలేదు, ఇంకా ఉంది. జంపర్ ముప్పై మూడు దగ్గర బుద్ధిమంతురాలిలా కూర్చుంది. డిస్కును బయటికి తీసి, పాత కేబుల్ వెతికి నా కంప్యూటర్‌కు తగిలించాను. గరగరమని మూలిగి తిరగనైతే తిరిగింది గానీ ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు. "లేవా?" అంది చిన్నమ్మ. లేవన్నాను. "నేను జేసిన పనికి ఇంకేడుంటయి" అంది మామూలుగా, కూరలో ఉప్పెక్కువైందన్నంత మామూలుగా. ముప్పై ఏళ్ళలో అది ఆమెకు అంత అలవాటైపోయింది.

"నువ్వు చెయ్యలేదు చిన్నమ్మా. నేను చేసిన" అన్నాను. జంపర్ ఊడదీసి అరచేతిలో పెట్టుకుని వెళ్ళి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. అరవై ఆరు, ఎనభై, వేడి, బట్టతో తుడుస్తూ జరిపిన వేలు, అన్నీ చెప్పాను. ఆమె ఆ ప్లాస్టిక్ ముక్కను ముట్టుకోలేదు. కళ్ళజోడు సవరించుకుని దాన్నే చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"మీ చిన్నాయన సచ్చిపోయేదాంక నేనే జేసిన్ననుకున్నడు" అంది. "ఆస్పత్రిల సుత అన్నడు, నీ మీద కోపం లేదు అనసూయా, మర్చిపోయిన అని. నేను దండం పెట్టిన, మాఫ్ జేసినవ్ గదా అని. దేనికి మాఫ్ జేసిండు బిడ్డా?"

కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

"నాకెందుకు చెప్తవ్? లే" అంది. హాల్లో గోడ మీద చిన్నాయన ఫోటో ఉంది, మా నాన్న ఫోటో పక్కనే. దాని ముందు నన్ను నిలబెట్టింది. "ఆయనకు చెప్పు."

నేను గొంతు సవరించుకున్నాను. "చిన్నాయనా, ప్రాసెసర్‌కు ఒక గడియారం ఉంటది, దాన్ని..."

"గట్ల గాదు" అంది చిన్నమ్మ వెనక నుంచి. "ఆయనకు గవన్నీ ఎర్కలేవు. ఎవలు జేసిన్రో అది చెప్పు."

"చిన్నాయనా, చిన్నమ్మ తప్పేం లేదు. ఆ రోజు చేసింది నేను" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

వెనకాల గడియ తీసిన చప్పుడైంది. చిన్నమ్మ వీధి తలుపు బార్లా తెరిచి పట్టుకుంది. లిఫ్టు దగ్గర నిలబడ్డ నలుగురైదుగురు మా వైపు తిరిగి చూశారు.

"ఆయనకు చెవులు సరిగ్గ వినపడవని ఎర్కే గద" అంది. "గట్టిగ చెప్పు."